నాగూరు మౌల్వీ గారి సంతాప సభ

చీరాల పేటలో జోహరాబీని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె అరవ కోడలు. అరవ దేశంలో పెరిగిన మాట నిజమే. తల్లి పురిట్లోనే పోతే నాగూరులో అమ్మమ్మ పెంచింది. తండ్రి చీరాల లుంగీలు కొని మద్రాసుకు పంపే వ్యాపారంలో దిగి ఇక్కడే స్థిరపడ్డాడు. పిల్ల ఈడుకొచ్చాక తన దగ్గరికి తెచ్చుకుని, హైస్కూల్లో తెలుగు చెప్పే మీరా హుస్సేన్ మాస్టారుకు ఇచ్చి పెళ్ళి చేశాడు. సాయిబు గారు తెలుగు చెప్పడమేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్న ఊరే, తర్వాత ఆయన పద్యం ఎత్తుకుంటే బడి గోడ పక్కన సైకిలు ఆపి వినేది. మనిషి సన్నగా ఉండేవాడు గానీ గొంతు మాత్రం ఖంగుమనేది. అవధానులతో సమానంగా కందాలు చెప్పగలడని పేరు. ఒక్క కావ్యం రాసి పోతే చాలని ఆయన కోరిక. దేని మీద రాయాలో తెలియక కొట్టుకుంటున్నాడు.

ఆ సంగతి ఇంట్లో పొయ్యి దగ్గరే దొరుకుతుందని పాపం ఆయనకు తెలియదు.

జోహరాబీ అమ్మమ్మ పేరు సైనంబు. అక్షరం ముక్క రాదు. కానీ ప్రవక్త గారి జీవితాన్ని తమిళంలో పెద్ద కావ్యంగా కట్టిన పాతకాలపు కవి ఒకాయన ఉన్నాడే, ఆయన పద్యాలు మూడు కాండలూ ఆమెకు నోటికి వచ్చు. పెద్దవాళ్ళ పేరు పలకకూడదన్నట్టు ఆ కవిని ఆమె ఎప్పుడూ పులవర్ అనేది, అంటే కవి గారు అని. ప్రవక్త పుట్టిన నెల వచ్చిందంటే ఆ వీధి ఆడవాళ్ళంతా సాయంత్రాలు ఆమె నడవలో చేరేవాళ్ళు. ఒకరు పాడితే ఒకరు అర్థం చెప్పేవారు. ఆ నడవలో ఒక కట్టడి ఉండేది. ఎవరు నోరు తెరిచినా సరే, ఆ పద్యం తనకు ఏ మనిషి నోట వచ్చిందో ఆ పేరు ముందు చెప్పాలి, ఆ తర్వాతే పాడాలి. పేరు చెప్పకుండా పాడిన పిల్లను సైనంబు మోకాలి మీద ఒక్కటి వేసి మళ్ళీ మొదటికి తెచ్చేది. పద్యం తప్పుపోతే ఊరుకునేది గానీ పేరు మరిచిపోతే ఊరుకునేది కాదు.

ఒకనాటి సాయంత్రం చేపల పులుసు కాగుతుంటే జోహరాబీ తన ధ్యాసలో తాను ఏదో పాడుకుంటోంది. వరండాలో కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతున్న మాస్టారు కలం ఆపాడు. లేచి వచ్చి వంటింటి గడపలో కూర్చున్నాడు.

"ఏంటది?" అన్నాడు.

"ఏం లేదండీ. మా అమ్మమ్మ పాట."

"పాట కాదు. అది పద్యం. నడక తెలుస్తోంది. దేని గురించి?"

ఆమె చెప్పింది. వచ్చీరాని తెలుగులో, పులుసు కలుపుతూ, అరబ్బు దేశపు ఎడారిని తమిళ కవి వరి పొలాల పక్కన ఎలా కూర్చోబెట్టాడో చెప్పింది. మాస్టారుకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు మొహం కడుక్కోకుండానే వచ్చి అడిగాడు, ఇదంతా నాకు చెప్తావా, తెలుగులో పెడతాను అని.

జోహరాబీ వెంటనే ఊ అనలేదు. అమ్మమ్మ కట్టడి ఆయనకు చెప్పింది. "నా దగ్గర విన్నానని, నాకు మా అమ్మమ్మ సైనంబు దగ్గర వచ్చిందని మొట్టమొదట చెప్పాలండీ. నలుగురిలో చెప్పాలి. అది ఒప్పుకుంటే చెప్తాను."

మీరా హుస్సేన్ పొంగిపోయాడు. "ఓస్ అంతేనా. మా తెలుగు కావ్యాల్లో ఆ మర్యాద ఎప్పట్నించో ఉందే పిచ్చిదానా. ముందు దైవస్తుతి, తర్వాత పూర్వకవుల స్తుతి, ఆ తర్వాత గురుస్తుతి. గురువు చోట నువ్వే ఉంటావు. సీసపద్యం పెడతాను నీకు," అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ రోజున అబద్ధమాడాలన్న ఆలోచన ఆయనకు లేదు. అందుకే తర్వాత జరిగింది ఆమెకు అంత నొప్పి.

ఆ రోజు నుంచి వాళ్ళ కాపురం వేరే రకంగా మారిపోయింది. బడి వదలగానే ఆయన చొక్కా విప్పి గడపలో చతికిలబడేవాడు. ఆమె తమిళంలో పాడేది, అర్థం చెప్పేది. ఆయన కళ్ళు మూసుకుని గొణుక్కుని, తెలుగు పద్యంగా కట్టి వినిపించేవాడు. ఆమె వినేది. బాగుంటే చేతిలో గరిటె ఆగేది. బాగోకపోతే కూర మాడుతోందని లేచిపోయేది. గరిటె ఆగిన పద్యాలనే ఆయన ఉంచుకున్నాడు.

లేడి కథ దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది. వేటగాడి ఉచ్చులో పడ్డ తల్లి లేడి, పిల్లలకు పాలిచ్చి తిరిగి వస్తానంటుంది. నమ్మని వేటగాడికి ప్రవక్త గారు జామీను నిలబడతారు. లేడి మాట తప్పకుండా వస్తుంది. మాస్టారు ఆ లేడి చేత బొటబొటా కన్నీళ్ళు కార్పించి చక్కటి సీసం చెప్పాడు. జోహరాబీ అడ్డంగా తలూపింది.

"ఏడవలేదండీ. ఏడిస్తే వేటగాడు నమ్మేసేవాడు. పిల్లలు తలపుకొచ్చేసరికి దానికి పాలు చేపుకొచ్చాయి. ఉచ్చులో పడున్న చోట నేల తడిసింది. మా అమ్మమ్మ ఇక్కడికొచ్చి ఆగిపోయేది. కాసేపు పాడలేకపోయేది."

మాస్టారు కన్నీళ్ళు తీసేసి పాలు పెట్టాడు. ఆ పద్యం వినిపించినప్పుడు జోహరాబీ పమిట నోట్లో కుక్కుకుంది. తన భర్త అంతటివాడు ఈ భూమ్మీద లేడని ఆ సాయంత్రం ఆమె అనుకుంది.

అలా కొన్నేళ్ళు గడిచి రెండు కాండలు పూర్తయ్యాయి. గురుస్తుతి సీసం కూడా రాశాడు. అందులో పొయ్యి వెలుగూ ఉంది, సైనంబు పేరూ ఉంది, జోహరాబీ పేరు చివర వచ్చే ఎత్తుగీతిలో ఉంది. అది ఆమెకు నాలుగైదు సార్లు చదివి వినిపించాడు. ఆమె సిగ్గుపడి, ఇంకొక్కసారి అంది.

ఆ రెండు కాండలూ చదివించడానికి సభ ఏర్పాటు చేసింది జానకిరామయ్య గారు. ఆయన ఆ బడిలోనే పెద్ద తెలుగు పండితుడు, ఊళ్ళో సాహితీ సమితికి కార్యదర్శి. మీరా హుస్సేన్‌ను సొంత తమ్ముడిలా చూసేవాడు. వాళ్ళింటికి వచ్చి టీ తాగేవాడు, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. గుంటూరు నుంచీ తెనాలి నుంచీ పండితులు వస్తున్నారని, బడి హాల్లో పక్కగా ఆడవాళ్ళకు తెర కట్టిస్తున్నామని ఆయనే వచ్చి చెప్పాడు.

జోహరాబీ పెట్టె అడుగున ఉన్న పెళ్ళి చీర తీసి కట్టుకుంది. పక్కింటి లాల్‌బీని తోడు తీసుకుంది. లాల్‌బీ మగ్గాలవాళ్ళ కోడలు, ఎంత మాట పడితే అంత అనేస్తుంది గానీ మనసులో ఏమీ ఉంచుకోదు. దారంతా జోహరాబీ ఆమెకు చెప్పుకుంటూనే ఉంది, ఇవాళ మా అమ్మమ్మ పేరు సభలో చెప్తారు, విను అని.

తెర వెనక కూర్చుంటే మనుషులు కనపడరు, మాటలు మాత్రం వినపడతాయి. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. దైవస్తుతి చేశాడు. తమిళ కవికి నమస్కరించాడు. తర్వాత సీసం ఎత్తుకున్నాడు. మొదటి పాదం వినగానే జోహరాబీ లాల్‌బీ చెయ్యి పట్టుకుంది. అదే పద్యం. అదే నడక. పొయ్యి వెలుగు ఉండాల్సిన చోట మసీదు దీపం వచ్చింది. సైనంబు ఉండాల్సిన చోట నాగూరు వచ్చింది. ఎత్తుగీతిలో, తన పేరు కోసం ఆమె ఊపిరి బిగబట్టిన చోట, ఖాదర్ మొహిద్దీన్ మౌల్వీ అనే పేరు వచ్చింది. ఆ గురువు గారి పాదాల దగ్గర కూర్చుని తాను తమిళం నేర్చుకున్నానని, ఈ కావ్యం ఆయన పెట్టిన భిక్ష అని మాస్టారు గద్గదంగా చెప్పాడు. హాలంతా చప్పట్లు.

"ఎవరక్కా ఆయన?" అంది లాల్‌బీ.

"తెలీదు," అంది జోహరాబీ.

నిజంగానే తెలియదు. అలాంటి మనిషి లేడు. ఉంటే కదా తెలియడానికి. లేడి కథ దగ్గరికి వచ్చేసరికి పండితులు మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. పాలు చేపుకొచ్చిన ఆ ఒక్క మాట చాలు ఈ కవిని నిలబెట్టడానికి అని జానకిరామయ్య గారు లేచి అన్నాడు. మాస్టారు అదంతా మౌల్వీ గారి చలవ అన్నాడు. జోహరాబీకి చచ్చిపోయిన అమ్మమ్మను అంతమంది మధ్య తానే తీసుకొచ్చి వదిలేసినట్టు సిగ్గేసింది.

ఇంటికొచ్చాక శాలువా మడత పెడుతున్న భర్తను ఆమె అడిగింది. అరవలేదు.

"ఎవరండీ ఆ మౌల్వీ?"

మాస్టారు ముందే సిద్ధం చేసుకున్నాడు. "చూడు జోహరా, ఆవేశపడకు. వంటింట్లో పెళ్ళాం దగ్గర కూర్చుని నేర్చుకున్నానంటే ఆ పండితులు నా కావ్యం ముట్టుకుంటారా? రేపు క్లాసులో పిల్లలు నవ్వరా? అయినా నీ పరువు కూడా చూడాలి కదా. గోషా ఇంటి మనిషి పేరు అంతమంది మగాళ్ళ మధ్య ఎలా ఎత్తను?"

"గోషా నాకండీ. మా అమ్మమ్మ మట్టిలో ఉంది. ఆమెకు కూడా గోషానా?"

మాట చెల్లనప్పుడు మగవాళ్ళు చేసేదే ఆయనా చేశాడు, గొంతులో ప్రేమ పోశాడు. "మనింట్లో మనకేంటి ఈ లెక్కలు. నీదీ నాదీ వేరా?"

"వేరు కాకపోతే నా పేరే చెప్పి ఉండాల్సింది," అంది జోహరాబీ. "అంతటి పులవర్ తనకు అన్నం పెట్టినాయన పేరు కావ్యం మధ్యలో ఎన్నిసార్లు తలుచుకున్నాడో మీకు నేనే చెప్పానండీ. మీకు ఒక్కసారికే బరువైపోయిందా?"

"సరేలే, అచ్చులో వేస్తాను. పుస్తకం వచ్చినప్పుడు అసలు పద్యమే వేస్తాను. సరేనా?" అన్నాడు.

ఆమె నమ్మింది. నమ్మిందని తర్వాత తనను తానే తిట్టుకుంది గానీ, నమ్మకపోతే ఆ ఇంట్లో అన్నం ఎలా వండాలో ఆమెకు అర్థం కాలేదు.

పుస్తకం మాట ఎలా ఉన్నా, మౌల్వీ గారు మాత్రం రోజురోజుకూ ఎదిగాడు. సభకొక హంగు చేరింది. బాపట్ల సభలో ఆయనకు తెల్లటి గడ్డం మొలిచింది. ఒంగోలు సభలో ఆయన ఒంటి నుంచి అత్తరు వాసన వచ్చింది. ఇంకో చోట ఆయన ప్రవక్త పేరు వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మాస్టారుతోపాటు సభలకు తిరిగే లాల్‌బీ మొగుడు ఈ వింతలన్నీ ఇంట్లో చెప్తే, లాల్‌బీ వాటిని పూస గుచ్చినట్టు జోహరాబీకి చేరవేసేది. వింటూ మొదట్లో జోహరాబీకి నవ్వొచ్చేది. ఉన్న మనిషిని ఒప్పుకోవడానికి నోరు రాలేదు గానీ లేని మనిషికి అత్తరు కూడా పూశాడే అనుకునేది.

ఒకరోజు లాల్‌బీ అంది, "ఆ మౌల్వీ భలే మనిషంట అక్కా. పాడేటప్పుడు ఒక కన్ను మూసుకునేవాడంట. పద్యం తప్పుపోతే ఊరుకుంటాడంట గానీ, గురువు పేరు మరిచిపోతే మాత్రం మోకాలి మీద ఒక్కటి వేసేవాడంట. జనం ఒకటే నవ్వు."

జోహరాబీ చేతిలో చేట కింద పెట్టింది. ఒక కన్ను మూసుకుని పాడేది సైనంబు. మోకాలి మీద వేసేదీ సైనంబే. ఏదో మాటల్లో మొగుడికి ముద్దుగా చెప్పుకున్న సంగతులు. పేరు దాచాడని ఇన్నాళ్ళూ బాధపడింది. ఇప్పుడు మనిషినే ఎత్తుకుపోయాడు. తన అమ్మమ్మకు గడ్డం అతికించి, ఊరూరా తిప్పి, నలుగురినీ నవ్వించి వస్తున్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె లాల్‌బీ ముందే వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. మొగుడి పరువు ఆమె కాపాడింది, చూడండి.

పుస్తకం కూడా వచ్చింది, రెండు కాండలతో. జానకిరామయ్య గారు దానికి ముందుమాట రాశాడు, మౌల్వీ గారి మీద పేజీలు పేజీలు. సీసంలో పేరు సభలో చదివినట్టే ఉంది. మాస్టారు దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ముందుమాట పంతులు గారు రాసేశారు, నేనేం చెయ్యను, అన్నాడు. ఆమె పుస్తకాన్ని అటక మీద పెట్టింది.

మూడో కాండ మొదలుపెట్టాలి. మక్కా వదిలి బయలుదేరిన ఘట్టం, కావ్యానికి ఆయువుపట్టు. మాస్టారు మళ్ళీ గడపలో చతికిలబడ్డాడు. ముందు రోజుల్లో సగం పాడి వదిలిన చోటు గుర్తుచేశాడు.

"ప్రవక్త గారు గుహ దగ్గరకొచ్చారు. శత్రువులు వెతుక్కుంటూ వస్తున్నారు. తర్వాత?"

జోహరాబీ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "తర్వాత నాకు రాదండీ."

"రాకపోవడమేంటి? మూడు కాండలూ వచ్చన్నావుగా?"

"అప్పుడు వచ్చు. ఇప్పుడు రాదు."

ఆయన బతిమాలాడు. మంచి జరీ అంచు చీర తెచ్చాడు. నాలుగు రోజులు మాట్లాడటం మానేశాడు, మళ్ళీ తానే మాట్లాడాడు. ఒకరోజు కోపం పట్టలేక, ప్రవక్త గారి కథను దాచిపెడితే పాపం అన్నాడు. ఆమె అవునండీ అంది. మామూలు మాటలకు లోటు లేదు. ఉప్పు అయిపోయిందంటే చెప్తుంది, ఎండు మిరపకాయలు మంచివి తెమ్మంటుంది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంది. తమిళం మాత్రం ఒక్క ముక్క నోట రాదు.

ఆయన ఇబ్బంది ఏమిటంటే, ఈ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేడు. నా పెళ్ళాం చెప్పడం మానేసింది అనాలంటే, ఇన్నాళ్ళూ చెప్పింది పెళ్ళామేనని ఒప్పుకోవాలి. మద్రాసులో అచ్చు పుస్తకం దొరుకుతుంది. కానీ తమిళంలో ఒక్క అక్షరం గుర్తుపట్టలేడు. చదివి చెప్పమని ఎవరినైనా అడిగితే, మౌల్వీ గారి పాదాల దగ్గర నేర్చుకున్నది ఏమిటని వాళ్ళడుగుతారు. అయినా అడగడానికి మనుషులేరీ. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి మద్రాసు మనది కాకుండా పోయాక స్టేషన్లోనూ తాలూకాఫీసులోనూ ఉన్న అరవ గుమాస్తాలంతా మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు.

చివరికి జానకిరామయ్య గారు ఇంటికొచ్చాడు. వరండాలో కూర్చుని, "మూడో కాండ ఉగాదికి చదివించాలయ్యా హుస్సేనూ. గుంటూరులో పెద్ద సభ. ఎంతవరకొచ్చింది?" అన్నాడు.

జోహరాబీ టీ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. మాస్టారు ఆమె వైపు చూశాడు. ఒక్క మాట చాలు, ఇదంతా మా ఆవిడ చెప్పిందేనని ఇప్పటికైనా అంటాడేమో అని ఆమె ఎదురుచూసింది. అంటే రేపే గుహ ఘట్టం పాడుతుంది. ఇప్పటికిప్పుడే పాడుతుంది. అన్నీ మరిచిపోతుంది.

మాస్టారు తల దించుకున్నాడు. "ఏం చెప్పమంటారు పంతులు గారూ. మౌల్వీ గారు పోయారండి," అన్నాడు.

జానకిరామయ్య గారు పాపం నిజంగా కళ్ళు తుడుచుకున్నాడు. మంచివాడు. అంతటి మనిషికి మనం ఋణపడి ఉన్నామని, ఆదివారం సంతాప సభ పెడదామని అప్పటికప్పుడే నిర్ణయించేశాడు. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆదివారం వద్దంటే వద్దని మాస్టారు అన్నా జోహరాబీ వెళ్ళింది. లాల్‌బీ వెంట వచ్చింది. అదే హాలు, అదే తెర. ఒకరి తర్వాత ఒకరు లేచి చూడని మనిషిని పొగిడారు. అంత గొప్ప విద్యను ఏ ప్రతిఫలమూ కోరకుండా ఇచ్చాడన్నారు. ఇలాంటి గురువులు ఇక పుట్టరన్నారు. తన గురించీ, తన అమ్మమ్మ గురించీ ఇంత మంచి మాటలు జోహరాబీ జన్మలో వినలేదు. తర్వాత అందరూ లేచి మౌనంగా నిలబడ్డారు. తెర వెనక ఆడవాళ్ళు కూడా లేచారు. లాల్‌బీ భుజం తట్టి లేవమంది. జోహరాబీ లేవలేదు.

సభ అయ్యాక జానకిరామయ్య గారు తెర పక్కకు వచ్చాడు. వెనకే మీరా హుస్సేన్ ఉన్నాడు.

"చెల్లెమ్మా, నువ్వు నాగూరు పిల్లవే కదా. ఆ మహానుభావుణ్ణి నువ్వూ చూసే ఉంటావు," అన్నాడు.

"చూశానండి."

"పోయింది నాగూరులోనేనా?"

జోహరాబీ తెర అంచు పట్టుకుని లేచి నిలబడింది. "కాదండీ. మా ఇంట్లోనే. పొయ్యి దగ్గర."

జానకిరామయ్య గారు ఎన్నోసార్లు ఆ ఇంటి వరండాలో టీ తాగాడు. లోపలి నుంచి వచ్చే అరవ కూనిరాగం ఎన్నోసార్లు విన్నాడు. ఆయన మెల్లగా మీరా హుస్సేన్ వైపు తిరిగాడు. మాస్టారు నేల చూపులు చూస్తున్నాడు.

"మరి మూడో కాండ?" అన్నాడు పండితుడు, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియనట్టు.

"ఆయనతోనే పోయిందండీ," అంది జోహరాబీ.

ఇంటికి వెళ్ళాక ఆమె చీర మార్చుకుని అన్నం వండింది. మాస్టారు తిన్నాడు. జానకిరామయ్య గారు ఆ తర్వాత ఆ ఇంటికి రాలేదు, కారణం ఎవరికీ చెప్పలేదు కూడా. భార్యాభర్తలిద్దరూ ఆ ఇంట్లోనే ఇంకా చాలా ఏళ్ళు బతికారు. కావ్యం మాత్రం గుహ దగ్గరే ఆగిపోయింది.